మీ రోజుకు రీరికార్డింగ్: ఏ పాట ఎక్కడ పెట్టాలి, ఎక్కడ ఆపాలి

ప్రశ్న: ఆమదాలవలసలో ఉంటాను, విజయనగరంలో ఉద్యోగం. పొద్దున్న నడక, రైల్లో గంటంపావు, ఆఫీసులో కంప్యూటర్ పని, ఇంటికొచ్చి వంట, తర్వాత నిద్ర. సినిమాలో లాగా రోజంతా వెనకాల సంగీతం నడవాలని 400 పాటలతో ఒక ప్లేలిస్టు పెట్టుకున్నాను. రెండు వారాలకే మొహం మొత్తింది. ఇష్టమైన పాటలే చిరాకు పుట్టిస్తున్నాయి. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు:

పాటల్లో తప్పేమీ లేదండీ. సినిమాలో పాట వచ్చినప్పుడు కథ పక్కకు జరుగుతుంది, అందరం పాటనే చూస్తాం. కథ నడుస్తున్నప్పుడు వెనక వినపడేది రీరికార్డింగ్. ఆ పని చేసేవాళ్లు రీలు చూస్తూ సంగీతం ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో, ఏ సీనులో అసలు ఉండకూడదో ముందు గుర్తులు పెట్టుకుంటారు. మీరు గుర్తులు పెట్టుకోకుండా 400 పాటలు కుమ్మరించారు. వాటిలో ప్రతి పాటా ‘నన్ను విను’ అంటుంది. మీరేమో ఆ టైముకి రైలెక్కుతుంటారు, లేకపోతే పోపు వేస్తుంటారు.

అందుకని ముందు ఒక కాగితం తీసుకోండి. మీ రోజును ముక్కలుగా రాసి, పక్కన నిమిషాలు వేయండి. నడక 25, రైలు 75, ఆఫీసులో కుదురుగా కూర్చునే సమయం 90, వంట 40, నిద్రకు ముందు 30. ఇప్పుడు సంగీతం వద్దనుకున్న చోట్లు కొట్టేయండి. ప్లాట్‌ఫాం మీద వద్దు, ఎందుకంటే అనౌన్స్‌మెంట్ వినాలి. పట్టాలు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు అసలే వద్దు. భోజనం దగ్గర, ఇంట్లో నలుగురూ మాట్లాడుకునే చోటా వద్దు. ఆఫీసుకు వెళ్లిన మొదటి పావుగంట కూడా ఒగ్గేయండి. గంటకు పైగా చెవిలో మోత ఉన్నాక చెవికి కాస్త విరామం కావాలి. కొట్టేయగా మిగిలిన అయిదు ముక్కలకే పాటలు. ముక్కకు 12 చొప్పున మొత్తం 60. అంతకు మించి పెట్టకండి, ఎందుకో కింద లెక్కలో తెలుస్తుంది.

నడకతో మొదలెడదాం, లెక్క తప్పకుండా కుదిరేది ఇక్కడే. మామూలుగా నడుస్తూ 30 సెకన్లలో ఎన్ని అడుగులు పడుతున్నాయో లెక్కపెట్టి రెండుతో గుణించండి. తాపీ నడకకు నిమిషానికి 95–105, జోరు నడకకు 110–125 మధ్య వస్తుంది. తర్వాత పాట పెట్టి తాళం వేస్తూ 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో చూసి నాలుగుతో గుణించండి. రెండంకెలూ 4–5 తేడాలో ఉంటే ఆ పాట మీ నడకకు సరిపోతుంది. పాట లెక్క సరిగ్గా సగం ఉన్నా పరవాలేదు. నిమిషానికి 56 దెబ్బలున్న పాటకు దెబ్బకు రెండడుగులు వేస్తే 112 నడక వస్తుంది. పాత మెలోడీలు చాలావరకు ఇలాగే పనికొస్తాయి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు చేతులు, కాళ్లు, తలతో ఒకేసారి అయిదు తాళాలు వేసేవారని చెప్పుకునే ఊళ్లో ఉద్యోగం చేస్తూ, ఒక్క తాళం లెక్కపెట్టడానికి బద్ధకించకండి.

లెక్క కుదిరినా కాళ్లు తడబడే పాటలుంటాయి. కారణం తాళం. ‘తక తకిట’ అని అయిదు మాత్రల (తాళంలో లెక్కపెట్టే చిన్న ముక్కల) మీద నడిచే ఖండచాపు పాటలు, ‘తకిట తకధిమి’ అని ఏడు మీద నడిచేవి కూర్చుని వినడానికి ఎంత బాగున్నా, రెండు కాళ్ల మనిషికి నడకలో ఇబ్బంది. మూడు మీద నడిచే తిశ్రానికి మాత్రం భయపడక్కర్లేదు. ‘తకిట తకిట’లో ప్రతి ‘త’కీ ఒక అడుగు వేస్తే హాయిగా సాగిపోతుంది, కాస్త ఊగుతున్నట్టు కూడా ఉంటుంది. పాట కొంచెం నెమ్మదిగా అనిపిస్తే ప్లేయర్‌లో శ్రుతి మారకుండా వేగం పెంచే సదుపాయం వాడుకోవచ్చు. 3–4 శాతం పెంచితే చాలామందికి తెలియదు. మరీ ఎక్కువ పెంచితే గొంతు సహజంగా ఉండదు.

మన ఉత్తరాంధ్ర జానపద ఆట తప్పెటగుళ్ల రికార్డింగులు నడకకు పెట్టుకోవాలని చాలామందికి ఆశ ఉంటుంది. ఊపు మాట నిజమే. కానీ గుండెలకు కట్టుకున్న గుళ్ల మీద దరువు, కాళ్ల గజ్జెలు మొదలైన చోట ఉండవు. ఆట ముదిరేకొద్దీ వేగం పెరుగుతూ పోతుంది. దాన్ని నడక మొదట్లో పెడితే పదో నిమిషానికి ఆయాసం వస్తుంది. చివరి 5–6 నిమిషాలకు పెట్టుకోండి, లేదా ఇల్లు ఊడ్చి తుడిచే పనికి పెట్టుకోండి, అక్కడ దానికి సాటి లేదు. డప్పు పాటలు అలా కాదు, మొదటి నుంచి చివరిదాకా ఒకే నడక పట్టుకునేవి ఎక్కువ కాబట్టి జోరు నడకకు నేరుగా పనికొస్తాయి. జముకు అనే జానపద వాయిద్యం మోత మాత్రం చిన్న ఇయర్‌ఫోన్లలో తేలిపోతుంది. ఆ తీగ లాగి వదిలే బొంగురు శబ్దమంతా కింది స్థాయిలో, అంటే బేసులో ఉంటుంది మరి.

25 నిమిషాలకు ఎన్ని పాటలు? పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డుకు ఒక పక్క పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. ఆ రోజుల పాటలు 3:00–3:30 దగ్గర ఆగడానికి అదే కారణం. అలాంటివైతే ఏడు పెట్టాలి, తర్వాతి కాలం 4:30 పాటలైతే అయిదు, ఆరు. మొదటి పాట మీ లెక్క కన్నా 8–10 దెబ్బలు తక్కువగా ఉండనివ్వండి, ఒళ్లు వేడెక్కడానికి.

ఇక రైలు. ఎక్కువమంది చెవులు పాడుచేసుకునేది ఇక్కడే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

రైలు పెట్టె మోత ఎక్కువగా కింది స్థాయి శబ్దం. అది పాటలోని బేసునీ, మృదంగం తొప్పినీ (బొంగురుగా మోగే ఎడమ పక్క), వీణ మంద్రాన్నీ (కింది స్వరాలు) మింగేస్తుంది. గొంతు, వయొలిన్, వేణువు, సన్నాయి మాత్రం పైకి తేలతాయి. అంచేత రైలుకు వీణ కన్నా వయొలిన్ మేలు. పాత మోనో పాటల్లో (రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చేవి) శబ్దం ఎక్కువగా మధ్య స్థాయిలోనే ఉంటుంది కాబట్టి రైల్లో అవి కొత్త పాటల కన్నా స్పష్టంగా వినిపిస్తాయి. విజయనగరం సంగీత కళాశాలలో చదివిన ఘంటసాల, సుశీల గార్ల గొంతులు ఆ మోతలోనూ మాట మాటా తెలియడానికి వాళ్ల ఉచ్చారణ ఒక కారణం, రికార్డింగు తీరు రెండో కారణం.

రైలుకు పనికిరానివి, గుసగుసగా మొదలై చరణానికి ఒక్కసారిగా విరుచుకుపడే పాటలు. పల్లవి వినపడక సౌండు పెంచుతారు, చరణం వచ్చేసరికి చెవి గింగురుమంటుంది. ఎంచుకునేటప్పుడు ఒక పరీక్ష చేయండి. పాటలో అతి మెల్లని చోటు, అతి పెద్ద చోటు వెతికి రెండూ పక్కపక్కన వినండి. మధ్యలో సౌండు బటన్ మీదకు చెయ్యి పోయిందంటే ఆ పాట ఇంటికే. ఇంకో తేడా కూడా ఉంది. ఎక్స్‌ప్రెస్‌కు దారివ్వడానికి ప్యాసింజర్‌ను ఏ సిగడాంలోనో చీపురుపల్లిలోనో పక్క పట్టాల (లూప్ లైన్) మీద నిలబెడతారు. చుట్టూ మోత ఆగిపోతుంది, మీ సౌండు మాత్రం అలాగే ఉంటుంది. ఆ పది నిమిషాలు తగ్గించుకోవడం మర్చిపోతారు. బండి ఆగితే వేలు బటన్ మీదకు పోవడం అలవాటు చేసుకోండి.

ఎంత సౌండు వరకు పరవాలేదు అనేదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన లెక్క ఉంది. పెద్దవాళ్లకు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. పైకి ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగమవుతుంది. 83కి 20 గంటలు, 86కి 10, 89కి 5. మీకు రానూపోనూ రోజుకు రెండున్నర గంటలు, వారానికి ఆరు రోజులు, మొత్తం 15 గంటలు. అంటే 83 దగ్గర ఆగితే రైలు వరకు బాగానే ఉన్నారు, 86కి పోతే దాటిపోయారు. నడక, ఆఫీసు కూడా ఈ ఖాతాలోనే పడతాయని మర్చిపోవద్దు. ఫోన్లో డెసిబెల్ కొలత చూపించకపోతే మోటు గుర్తు ఒకటుంది, పక్క సీటాయన మామూలు గొంతుతో పిలిస్తే వినపడాలి. వినపడకపోతే సౌండు తగ్గించండి. తగ్గిస్తే పాట తెలియడం లేదంటే పాట మార్చకండి, ఇయర్‌ఫోన్ రబ్బరు మార్చండి. ఇయర్‌ఫోన్ డబ్బాలో మామూలుగా మూడు సైజులిస్తారు, అందరూ మధ్యది తగిలించుకుని తిరుగుతారు. చెవికి సరిగ్గా మూసుకునే సైజు పెట్టుకుంటే బయటి మోత తగ్గుతుంది, దాంతో మీరు పెంచాల్సిన సౌండూ తగ్గుతుంది.

ఒక చెవే పెట్టుకుని రెండోది ఖాళీగా ఉంచుకుంటానంటే మంచిదే, కానీ ఫోన్ సెట్టింగుల్లో యాక్సెసిబిలిటీ కింద ‘మోనో ఆడియో’ ఆన్ చేయండి. లేకపోతే స్టీరియో పాటల్లో రెండో పక్కకు పెట్టిన వాయిద్యం మొత్తం ఎగిరిపోతుంది. స్టీరియో కొత్తగా వచ్చిన రోజుల్లో గిటార్ ఒక చెవికి, వయొలిన్లు ఇంకో చెవికి పంచిపెట్టిన పాటలున్నాయి. వాటిని ఒక చెవితో వింటే పాట సగం చచ్చినట్టుంటుంది, జనం రికార్డింగ్ బాలేదనుకుంటారు.

75 నిమిషాలూ నింపకండి. 40 నిమిషాలు పాటలు, తర్వాత కిటికీ. స్టేషన్లకు పాటలు ముడిపెట్టకండి కూడా. నెల్లిమర్ల రాగానే ఫలానా పాట రావాలని కట్టుకున్న లిస్టు, బండి మొదటిసారి లేటవ్వగానే చెదిరిపోతుంది.

ఆఫీసు పనికి మీ లిస్టులోని పాటల్లో ఒక్కటి కూడా పనికిరాదని మొహమాటం లేకుండా చెప్తున్నాను. మనకు తెలిసిన భాషలో మాటలు చెవిన పడుతుంటే చదివేది, రాసేది దెబ్బతింటుంది. వినకూడదనుకున్నా మెదడు ఆ మాటలను పట్టుకుంటుంది. దీనికి అందరూ చేసే ఉపాయం సినిమా పాటల వీణ వెర్షనో, ఫ్లూట్ వెర్షనో పెట్టుకోవడం. అది పారదు. పాట మీకు తెలిసిందైతే వాయిద్యం వాయిస్తుంటే సాహిత్యం లోపల మీరే పాడుకుంటారు. తెలియని కృతులు, ఆలాపనలు వెతకండి. అన్నిటికన్నా కుదిరేది వీణ మీద తానం. తాళం వేయాల్సిన పని లేకుండానే లోపల ఒక నడక ఉంటుంది, మాటలు లేవు, పది పదిహేను నిమిషాలు ఒకే రాగంలో సాగుతుంది. బొబ్బిలి వీణ పక్కనే పెట్టుకుని మనం దాన్ని అతిథులకిచ్చే బొమ్మగానే చూస్తున్నాం. లెక్కలు సరిచూడటం, డేటా ఎక్కించడం లాంటి పనికి తానం పెట్టి చూడండి. కొత్త విషయం చదివి అర్థం చేసుకోవాల్సిన పనైతే అదీ ఆపేయండి.

వంటింట్లో మిక్సీ, కుక్కర్ విజిల్, ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటాయి. పాట మధ్యలో ముక్కలు ముక్కలుగా పోతుంది. అందుకని ఇక్కడ బాగా నోటికొచ్చిన పాటలే పెట్టాలి. మిక్సీ ఆగేసరికి పాట ఎక్కడుందో తెలిసిపోయి అందుకుంటారు. కొత్త పాటను వంటింట్లో పరిచయం చేసుకోకూడదు. ఇయర్‌ఫోన్లు వద్దు, విజిళ్లు లెక్క తప్పుతాయి. ఫోన్‌ను ఖాళీ స్టీలు గిన్నెలో నిలబెడితే సౌండు పెరుగుతుంది గానీ రేకు మోత వస్తుంది, మట్టి మూకుడైతే కాస్త మెత్తగా ఉంటుంది. పాటను గడియారంగా వాడుకోవడం కూడా ఇక్కడే బాగుంటుంది. 3:20 పాట ఏదైనా ఒకటి టీకి కేటాయించండి. నాలుగు రోజుల్లో పాట చివరి చరణానికి మీ చెయ్యే స్టవ్ మీదకు పోతుంది.

నిద్రకు ముందు పెట్టేవాటిలో పెద్ద లోపం పాట ఎంపికలో కాదు, పాట అయిపోయాక జరిగేదానిలో ఉంటుంది. లిస్టు అయిపోగానే యాప్ తనంతట తాను ఏదో ఒకటి మొదలెడుతుంది. ఉచిత ఖాతా అయితే ప్రకటన వస్తుంది, అదీ అరుపుతో. ఆటోప్లే ఆపేయండి, పాటలు ఫోన్లోకి దింపుకోండి, 30 నిమిషాలకు స్లీప్ టైమర్ పెట్టండి. పాటలు ఒకదాని తర్వాత ఒకటి వేగం తగ్గుతూ రావాలి. నిమిషానికి 80 దెబ్బల దగ్గర మొదలై 60 దగ్గరకు చేరితే చాలు. చివరిది నీలాంబరి లాంటి జోల రాగంలో ఆలాపనో, ఉత్త తంబురా శ్రుతో అయితే మంచిది. ఆఖర్లో దరువు పెంచి, తీర్మానంతో (ముగింపు దరువుతో) ముగిసే పాట ఇక్కడ పెట్టకండి, సరిగ్గా కునుకు పట్టే సమయానికి లేపుతుంది. పొద్దున్న అలారానికి మాత్రం ఇష్టమైన పాట ఎన్నడూ వద్దు. నెల తిరక్కుండా ఆ పాట పగటిపూట వినిపించినా ఉలిక్కిపడతారు.

ఇప్పుడు మొహం మొత్తడం సంగతి. పాట మొదట కొన్నిసార్లు వినేకొద్దీ ఇష్టం పెరుగుతుంది, ఒక చోట నిలుస్తుంది, తర్వాత తగ్గుతుంది. 400 పాటలున్నా మీకు మొత్తడానికి కారణం షఫుల్‌లో సగం పాటలు నొక్కి దాటేస్తూ, చివరికి అవే 20–30 వింటూ ఉండటం. ముక్కకు 12 అన్నది అందుకే. వంటకు రోజుకు 8 పాటలు, వారానికి ఆరు రోజులు వేసుకుంటే 48 సార్లు. 12 పాటలుంటే ఒక్కొక్కటి వారానికి నాలుగుసార్లు వస్తుంది, అది వంటకు సరే. నిద్రకు ముందైతే రోజుకు 5 పాటలు, ఒక్కొక్కటి వారానికి రెండున్నర సార్లు. రెండు వారాలకోసారి ప్రతి ముక్కలోంచి మూడు తీసి మూడు వేయండి. తీసేవి నచ్చనివే అవ్వాలని లేదు. ఎక్కువ నచ్చినదాన్ని కూడా తీసి రెండు నెలలు పక్కన పెట్టండి, తిరిగొచ్చినప్పుడు కొత్తగా ఉంటుంది.

జ్ఞాపకాలు ముడిపడ్డ పాటలు కొన్నుంటాయి. అమ్మ పాడినది, కాలేజీ రోజులది, పోయినవాళ్లను గుర్తుచేసేది. వాటిని రోజువారీ లిస్టులోకి రానివ్వకండి. పాటకు మనసులో ఏది ఎక్కువసార్లు తగిలితే అదే అతుక్కుంటుంది. ఆరు నెలలు గిన్నెలు కడుగుతూ విన్నాక ఆ పాట మీకు గుర్తుచేసేది గిన్నెలనే.

సినిమాలో లాగా ఉండాలన్నారు కదా, దానికి రీరికార్డింగ్ వాళ్ల దగ్గర తీసుకోవాల్సిన కిటుకు ఒకటే. ఒక ట్యూన్‌ను పదే పదే వేరు వేరు రూపాల్లో తెస్తారు. మీరూ ఒకే ఒక్క ట్యూన్ ఎంచుకోండి. నడకలో అసలు పాట, రైల్లో వయొలిన్ మీద, రాత్రి వేణువు మీద నెమ్మదిగా. రోజుకు మూడుసార్లు, మూడు రూపాల్లో. మిగతా పాటలు ఎలా ఉన్నా రోజంతా ఒకే దారం మీద ఉన్నట్టు అనిపించేది దీనివల్లే. ఆఫీసు ముక్కలో మాత్రం తేవద్దు, కారణం పైన చెప్పాను. పాట వరసలో శ్రుతి కూడా చూసుకోండి. అయిపోయిన పాట ‘స’ను గొంతులో పట్టుకుని తర్వాతి పాట మొదటి పది సెకన్లు వినండి. అదే శ్రుతి అయినా, దాని మధ్యమమో పంచమమో అయినా హాయిగా కలుస్తుంది. అర శ్రుతి ఎక్కువతక్కువైతే రెండో పాట అపస్వరంలా మొదలవుతుంది. ఆ రెంటి మధ్య ఇంకో పాట దూర్చండి, సరిపోతుంది. క్రాస్‌ఫేడ్ (ఒక పాట తగ్గుతుండగానే తర్వాతిది మొదలవడం) పెట్టేవాళ్లు 2 సెకన్లు దాటొద్దు. మన పాత పాటల్లో మొదటి వాయిద్యం మెల్లగా లేస్తుంది, క్రాస్‌ఫేడ్ దాన్ని మింగేస్తుంది.

మనసు బాలేని రోజుకు హుషారు పాట పెడితే చిరాకు పెరుగుతుంది. సంగీత చికిత్స చేసేవాళ్లు ఐసో సూత్రం అంటారు, ముందు మనసు ఎక్కడుందో సంగీతం అక్కడికి వెళ్లాలి. అయిదు పాటలు వేసుకోండి. మొదటి రెండూ దిగులుగానే. మూడోదానిలో ఒక్కటే మార్చండి, గొంతు అదే, వేగం కొంచెం ఎక్కువ. నాలుగులో వాయిద్యాలు పెరగాలి. అయిదోది మామూలు రోజు వినే పాట. అన్నీ ఒకేసారి మారిస్తే ఎవరో భుజం మీద చరిచి నవ్వమన్నట్టు ఉంటుంది.

పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజున విజయనగరంలో, జాతర్లప్పుడు మీ ఊళ్లో, ఇవన్నీ కట్టిపెట్టండి. మైకులతో పోటీపడి ఇయర్‌ఫోన్లో సౌండు పెంచడం చెవికి ద్రోహం. ఆ రోజుకు రీరికార్డింగ్ ఊరే చేసి పెడుతుంది.

చివరగా ఫైళ్ల సంగతి. నాలుగు నిమిషాల పాట 160 కేబీపీఎస్‌లో (ఈ అంకె పెరిగితే నాణ్యత పెరుగుతుంది) 4.8 ఎంబీ, 320లో 9.6 ఎంబీ. 60 పాటలు ఎక్కువ నాణ్యతలో దింపుకున్నా 600 ఎంబీ లోపే. రైల్లో 160కీ 320కీ తేడా పట్టడం కష్టం, రాత్రి నిశ్శబ్దంలో తానం వింటే పట్టొచ్చేమో. పాత పాటలకు ‘రీమాస్టర్డ్’ (పాత రికార్డింగును మళ్లీ శుభ్రం చేసినది) అని రాసి ఉంటే రెండు మూడు అప్‌లోడ్‌లు పోల్చి చూడండి. చాలావాటిలో బుసను తుడిచే హడావుడిలో ‘స’, ‘శ’, ‘ష’ల పదును కూడా తుడిచేస్తారు, లేదా మోనో పాటకు లేని ప్రతిధ్వని అంటిస్తారు. బుస ఉన్నదే మేలు. స్పాటిఫైలో దింపుకున్నవారు 30 రోజులకోసారైనా నెట్ ఆన్ చేసి యాప్ తెరవాలి, లేకపోతే దింపినవి మాయమవుతాయి. పాత 400 లిస్టును చెరపకండి, ‘గోదాం’ అని పేరు మార్చండి. ఆఫీసు ముక్కకు తప్ప, రెండు వారాలకోసారి మార్చే మూడేసి పాటలు అందులోంచే రావాలి. మొదటి వారం నడక, నిద్ర ముక్కలు రెండే కట్టండి. మిగతా మూడూ తర్వాత ఒక్కొక్కటిగా.